అటకమీద ఎలుకలు – కడుపులో బిడ్డ



ఆగమన కాలపు రెండవ వారంలో ఒక సాయంకాలం జపమాల ముగిసి అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయాక, ఒక చిన్న వయసు ఇల్లాలు గుడి మెట్ల దగ్గరే నిలబడిపోయింది. పక్కన ఆమె తల్లి. ఇద్దరి మధ్యా ఏదో వాదన జరిగి ఆగినట్టు ముఖాలు చూస్తేనే తెలుస్తున్నది. ఈ సంగతి పాపసంకీర్తనంలో విన్నది కాదు. "రాయండి ఫాదర్ గారూ, నాలాంటి వాళ్ళు ఇంకా ఉంటారు" అని ఆమే అన్నాక రాస్తున్నాను. పేరూ ఊరూ మాత్రం అడగవద్దు.

"ఫాదర్ గారండీ, నాకు మూడో నెలండి. పండక్కి సున్నాలు వేయించాలని మా అత్తగారు అటక ఖాళీ చెయ్యమన్నారండి. పాత గోనెసంచులు దింపుతుంటే దోసిళ్ళకొద్దీ ఎలక పెంటికలండి. చీపురుతో ఊడ్చి, చేటలోకి ఎత్తి పారబోశాను. ఆ దుమ్మంతా ముక్కులోకీ నోట్లోకీ పోయిందండి. మర్నాడు పక్కింటావిడ చూసి, అయ్యో, కడుపుతో ఉండి ఎలక పెంటికలు ముట్టుకున్నావా, బిడ్డకి ఏదన్నా అవుతుంది అన్నారండి. ఎనిమిది రోజులుగా నిద్ర లేదు. నా బిడ్డకి నేనే పాపం చేశానా ఫాదర్ గారూ?"

తల్లి అందుకున్నది. "ఊరుకోవే. మేమంతా ఎలకల మధ్యే కన్నాం, పెంచాం. దేవమాత చూసుకుంటుంది. ఏమీ కాదని మీరన్నా చెప్పండి ఫాదర్ గారూ."

ఏమీ కాదమ్మా అన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఆగాను. ఆ మాట ఒకసారి చెప్పి నేను పొరపాటు చేసి ఉన్నాను.

అది 2006 ఆగస్టు. గోదావరికి వచ్చిన వరద ధవళేశ్వరం దగ్గర 28 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986 వరదలో 35 లక్షలు చూసిన పెద్దలు దాన్ని గుర్తు చేసుకునేవారు. నేనప్పుడు లంక గ్రామాలున్న ఒక విచారణకు కొత్తగా వెళ్ళాను. నీరు తీసిన తరువాత మోకాలి లోతు బురద. చేలగట్లలో కలుగులన్నీ మునిగి, ఎలుకలూ పందికొక్కులూ ఇళ్ళలోకి చేరాయి. కూలి చేసుకునే కుటుంబంలో ఏడవ నెల గర్భిణి ఒకామె, అరికాలు గాజుపెంకు కోసుకున్నా ఆ కాలితోనే ఇంట్లో బురద ఎత్తిపోసింది. పది పన్నెండు రోజులకు జ్వరం. పిక్కలు పీకేస్తున్నాయన్నది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించి, "వరద జ్వరం, అందరికీ ఉన్నదే, ఏమీ కాదమ్మా" అని వచ్చేశాను. గురువు చెప్పాడు కదా అని ఇంటివాళ్ళు మరో మూడు రోజులు ఆగారు. ఆమె బ్రతికింది. బిడ్డ దక్కలేదు. రక్తపరీక్ష ఏదీ జరగలేదు గనుక అది ఫలానా జ్వరమేనని ఈనాటికీ నేను చెప్పలేను. నేను చేసిన ప్రార్థన తప్పు కాదు. ప్రార్థించి లేచి, ఆటో పిలిచి ఆసుపత్రికి పంపకపోవడం తప్పు. బిడ్డ కోసం పెట్టిన పూజనాడు ఆ తండ్రి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదని చాలా ఏళ్ళు అనుకున్నాను.

అందుచేత ఈసారి ఆ అమ్మాయిని మెట్లమీద కూర్చోబెట్టి, నర్సుగా పాతికేళ్ళ పైగా పనిచేసిన ఒక మఠకన్యకు అక్కడినుంచే ఫోన్ చేశాను. ఆమె చెప్పినదీ, తరువాత నేను వైద్యులను అడిగి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను.

ఎలుకల వల్ల మన ప్రాంతంలో ముఖ్యంగా చూసుకోవలసినది లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం. ఎలుక జ్వరం అన్నా అదే. 1886లో వైల్ అనే జర్మన్ వైద్యుడు దీని తీవ్రమైన రూపాన్ని మొదట వివరించాడు గనుక వైల్ జబ్బు అని కూడా అంటారు. ఈ క్రిమి ఎలుక మూత్రంలో ఉంటుంది. బురదలో, నిలవ నీటిలో రోజులూ వారాలూ బ్రతుకుతుంది. కాలి పగుళ్ళు, గాయాలు, కళ్ళు, నోరు దీనికి దారులు. బాగా ఎండిన చోట మాత్రం నిలవలేదు. కాబట్టి వేడికి కరకరలాడే అటకమీద ఎండిపోయిన పెంటికల వల్ల ఈ జ్వరం వచ్చే అవకాశం బహు తక్కువ. నానిన గోనెసంచులు, వాన కారిన మూలలు, వరద బురద వేరు సంగతి. గర్భిణికి ఇది సోకితే గర్భస్రావం కావచ్చు, బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు. అయితే సకాలంలో గుర్తిస్తే పెన్సిలిన్ వంటి మందులతో తగ్గుతుంది. ఆ మందులను గర్భిణులకు కూడా ఇస్తారు.

దుమ్ము పీల్చడం వల్ల వచ్చే జబ్బులూ ఉన్నాయి. హంటా వైరస్ అని పత్రికల్లో చదువుతుంటారు. మన దేశంలో మనుషులకు అది సోకడం చాలా అరుదు. ఇంటి చుంచెలుకల వల్ల వచ్చే మరొక వైరస్, ఎల్‌సీఎంవీ అంటారు, గర్భిణికి సోకితే బిడ్డ మెదడుకూ కళ్ళకూ హాని చేయగలదు. అదీ అరుదే. అరుదంటే లేదని కాదు. పెంటికలు పడిన తిండి వల్ల వచ్చే వాంతులు, విరేచనాలు మాత్రం అంత అరుదు కావు.

సిస్టర్ గారు ఫోన్లోనే ఆ అమ్మాయిని అడిగారు: జ్వరం వచ్చిందా, తలనొప్పా, పిక్కల నొప్పులా, కళ్ళు ఎర్రబడ్డాయా, పచ్చబడ్డాయా, మూత్రం తగ్గిందా. ఏదీ లేదు. "అయితే తల్లీ, ఊడ్చిన రోజునుంచి నెల్లాళ్ళు కనిపెట్టుకుని ఉండు. జ్వరం తగిలిందా, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఫలానా తారీకున ఎలుక పెంటికలు ఊడ్చానని నువ్వే నోరు తెరిచి చెప్పు. చెప్పకపోతే వాళ్ళకు ఎలా తెలుస్తుంది? జ్వరం లేకపోతే మామూలుగా నెలనెలా చూపించుకో." ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులను ఉచితంగా పరీక్షిస్తారు. 2016 నుంచి జరుగుతున్నది. మన విచారణలలో ఈ తేదీ తెలియని ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

ఇక ఆమె నన్ను అడిగిన ప్రశ్న. పాపం చేశానా అని.

లేదమ్మా. పాపానికి తెలివిడి కావాలి, సమ్మతి కావాలి. నీకు తెలియదు, నువ్వు కోరలేదు. అత్తగారు చెప్పిన పని చేశావు. సత్యోపదేశం చదివిన పిల్లవాడు కూడా ఇంతవరకు చెప్పగలడు. కాని ఆ ప్రశ్న వెనుక మరొకటున్నది. రేపు బిడ్డకు ఏ చిన్న లోపమున్నా వేలు నావైపే చూపుతారు కదా అన్న భయం. ఆ భయం ఊరికే రాలేదు. గ్రహణం పట్టిన వేళ గర్భిణి కూర తరిగితే బిడ్డకు పెదవి చీలుతుందని నమ్మి, ఆ లోపానికి గ్రహణం మొర్రి అనే పేరే పెట్టుకున్న భాష మనది. పెదవి చీలడానికి గ్రహణంతో ఏ సంబంధమూ లేదు. అయినా ఎంతమంది తల్లులు జీవితాంతం ఆ నింద మోశారో! జ్ఞానస్నానం పొందిన మన ఇళ్ళలో కూడా గ్రహణం రోజున కోడలిని తలుపులు మూసిన గదిలో పడుకోబెడతారు. ఆ కోడలినే మూడవ నెలలో అటక ఎక్కించి ఎలుకల పెంట ఊడ్పిస్తారు. ఇందులో ఉన్న వింతను పెద్దలు ఆలోచించాలని మనవి.

పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, ఇది ఎవరి పాపం, వీడిదా, కన్నవారిదా అని శిష్యులు అడిగారు. యోహాను సువిశేషం తొమ్మిదవ అధ్యాయం. ప్రభువు ఆ లెక్కనే ఒప్పుకోలేదు. ఉమ్మితో బురద చేసి, కళ్ళకు పూసి, కోనేటికి వెళ్ళి కడుక్కోమన్నాడు. నింద పంచడం మాని పనిలోకి దిగాడు.

పరిశుద్ధ గ్రంథంలో ఎలుకలకు కూడా చోటు దొరికింది. సమూవేలు మొదటి గ్రంథం ఐదు, ఆరు అధ్యాయాలు తీసి చదవండి. ఫిలిస్తీయులు దైవమందసమును పట్టుకుపోయి దాగోను గుడిలో పెట్టారు. వారి పట్టణాలలో జనానికి గడ్డలు లేచాయి. దేశాన్ని ఎలుకలు పాడుచేశాయి. భయపడి తమ పూజారులనూ సోదెగాళ్ళనూ అడిగితే, ఐదు బంగారు గడ్డలు, ఐదు బంగారు ఎలుకలు చేయించి మందసముతోపాటు పంపించమన్నారు. అలాగే చేశారు. గడ్డలూ ఎలుకలూ ఒకే కథలో రావడం చూసి ఇది ప్లేగు అయి ఉంటుందని కొందరు బైబులు పండితులు తలుస్తారు. రుజువు లేదు. నాకు మాత్రం ఒక సంగతి ఆశ్చర్యం. ఎలుక పైనుండే గోమారి ప్లేగును మోస్తుందని ఫ్రెంచి వైద్యుడు సిమోన్ కనుగొన్నది 1898లో, అదీ అప్పటి మన దేశంలోని కరాచీలో. అంతకు ఎన్నో వందల ఏళ్ళ క్రితమే ఆ అన్యజనులు జబ్బునూ ఎలుకనూ పక్కపక్కన పెట్టి చూశారు. కాని బంగారు ఎలుకలు పోతపోశారే గాని, గాదెల్లో ఉన్న అసలు ఎలుకలను ఏమి చేశారో గ్రంథం చెప్పదు. మనమూ మొక్కులు మొక్కుతాం, కొవ్వొత్తులు వెలిగిస్తాం. వెలిగించండి, వద్దనను. గర్భిణుల పాలక పునీతుడు జెరార్డు గారి స్వరూపం దగ్గర ప్రార్థించే తల్లులను నేనెన్నడూ ఆపలేదు. ప్రార్థించి ఇంటికి వెళ్ళాక బియ్యం డ్రమ్ముకు మూత ఉన్నదో లేదో కూడా చూడాలి.

సెమినరీలో మాకు పునీత తోమాసు అక్వినాసు గారిని చదివించేవారు. నిద్ర వచ్చేదని ఒప్పుకుంటున్నాను. అయినా చింతను గూర్చి ఆయన చెప్పినది మా డెల్టా రైతుకు చెప్పినట్టే ఉంటుంది. చింత అంతా చెడ్డది కాదు. వివేకవంతుడికి చింత ఉండవలసిందే. అయితే ఏ కాలానికి ఆ కాలపు చింత. కోత కాలంలో కోతను గూర్చి, ద్రాక్ష కాలంలో ద్రాక్షను గూర్చి. కోతనాడే ద్రాక్షకు దిగులుపడేవాడు రేపటి బరువును ఇవాళే ఎత్తుకుంటున్నాడు అంటారాయన. సార్వా కుప్ప నూర్చకముందే దాళ్వాకు నీళ్ళు వదులుతారో లేదో అని మంచం పట్టిన రైతు మా ఊళ్ళో ఒకాయన ఉన్నాడు, అలాగన్నమాట. ఈ అమ్మాయికి ఇప్పుడు తగిన చింత ఏది? నెల్లాళ్ళు జ్వరం కనిపెట్టుకోవడం, మళ్ళీ ఆ చీపురు పట్టకపోవడం. అంతకు మించి ప్రసవం నాటి దిగులు ఇవాళ తెచ్చుకోనక్కరలేదు. ఇలా చెబితే భయం పోతుందని నేననుకోను. ఎంతవరకు భయపడాలో తెలిస్తే కొంత నిద్ర పడుతుంది, అంతే.

భయం అతిగా ముదిరితే చేసే హాని కూడా చూశాం. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అనగానే దేశమంతా టెట్రాసైక్లిన్ కోసం మందుల షాపుల ముందు ఎగబడింది. ఆ మందు గర్భిణి మింగితే బిడ్డ పళ్ళకూ ఎముకలకూ చేటు. ఆ కోవలోదే డాక్సీసైక్లిన్. ముందు జాగ్రత్త అని సొంతంగా ఏ మాత్రా వేసుకోవద్దు. ఎలుకల మందు సంగతి ఇంకా ఘోరం. జింక్ ఫాస్ఫైడ్ తడి తగిలితే విషవాయువు వదులుతుంది. భాస్వరం కలిసిన పేస్టు అయితే కాలేయాన్నే కాల్చేస్తుంది. ఆ పేస్టు మింగిన వారికి అంత్య అభ్యంగనం ఇచ్చిన గురువుగా చెబుతున్నాను, దానిని ఇంట్లో ఉంచవద్దు. మొదటి రోజున మామూలుగా మాట్లాడతారు, నాలుగో రోజున పోతారు. బోను పెట్టండి. పిల్లిని పెంచుతామంటారా, పెంచండి. అయితే పిల్లి మలంతో కూడా గర్భిణికి టాక్సోప్లాస్మా అనే మరొక చిక్కు ఉన్నది, దాన్ని ఎత్తే పని వేరొకరిది.

అటక శుభ్రం చేసే పద్ధతి చెబుతాను. కిటికీలు తలుపులు తెరిచి అరగంట బయటికి పోవాలి. పొడి చీపురు అసలు ముట్టకూడదు. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు మాస్కు. బ్లీచింగ్ ద్రావణం ఒక వంతుకు నీళ్ళు తొమ్మిది వంతులు కలిపి పెంటికలమీద తడిసేలా చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి, పాత గుడ్డతో తుడిచి ఎత్తాలి. గుడ్డతో సహా సంచిలో కట్టి పారవేయాలి. చేతులు సబ్బుతో కడగాలి. బియ్యంలో ఒకటీ అరా పెంటిక కనబడితే ఏరి, చెరిగి, బాగా కడిగి వండుకోవచ్చు. తడిసి వాసన వేస్తున్న బియ్యం వద్దు. రాత్రి మూత పెట్టని అన్నం పొద్దున గర్భిణికి పెట్టవద్దు. పెద్దవాళ్ళు తినమంటారు, పారెయ్యడం పాపమని. ఒక ముద్ద పారేసిన లెక్క నాకు వదిలిపెట్టండి.

ఈ పని ఎవరు చేయాలి? ఇంటి మగవారు. వేరే జవాబు లేదు.

ఇంతవరకు డాబా ఇంటి అటక గురించి చెప్పాను. మన విచారణలలో ఎక్కువమందికి అటకే లేదు. ఉన్న భయమంతా చేలో ఉన్నది. జూలైలో ఊడ్పులకు వంగిన ఆడవారి వరుసలో ఆరో నెల, ఏడో నెల కడుపుతో ఉన్నవారిని నేను ఏటా చూస్తాను. కాళ్ళు పగిలి ఉంటాయి, పిక్కల లోతు నీరు, ఆ నీటిలోనే గట్టుమీద కలుగులున్న ఎలుకల మూత్రం. అటక ఊడ్చిన అమ్మాయి కంటే వీరికే ప్రమాదం ఎక్కువ. వీరెవరూ గుడి మెట్ల దగ్గర ఆగి నన్ను అడగలేదు. ఆగితే ఆ రోజు కూలి పోతుంది. మొదటి కాన్పుకు ప్రభుత్వం 5,000 రూపాయలు ఇచ్చే పథకం 2017 నుంచి ఉన్నది, కూలి నష్టానికే అది. కాగితాలు నింపడం రాక వదులుకున్నవారున్నారు. మన యువతీయువకులు ఆదివారం పూజ తరువాత ఒక గంట కూర్చుని ఆ కాగితాలు నింపిపెట్టగలరు. భూమి ఉన్న మన విశ్వాసులను నేను అడిగేదొక్కటే, గర్భిణిని నీటిలో దింపకండి. నారు కట్టలు కట్టే పనో, గట్టుమీది పనో ఇచ్చి అదే కూలి ఇవ్వండి. ఎలుకల నివారణ కూడా ఒక్కరి చేలో చేస్తే పనికిరాదు, పక్క చేలోంచి వస్తాయి. ఊరంతా కలిసి ఒకేసారి పైరు తొలి దశలోనే చేయాలి. వెదురు బుట్టలతో ఎలుకలు పట్టేవారు మన డెల్టాలో ఉన్నారు, వారిని పిలిస్తే విషం వాడకం తగ్గుతుంది. 1925 నుంచి ఉన్న మారుటేరు వరి పరిశోధన స్థానం వారు ఎలుకల మీద కూడా పనిచేస్తున్నారు, వెళ్ళి అడిగితే చెబుతారు.

డిసెంబరు 21న పూజలో చదివే సువిశేషం మీకు తెలుసు. ఆరవ నెల గర్భిణి అయిన ఎలిజబెతమ్మ ఇంటికి మరియతల్లి కొండసీమకు త్వరత్వరగా వెళ్ళింది. మూడు నెలలు ఉన్నది. ఆ మూడు నెలలూ ఏమి చేసిందో లూకా గారు రాయలేదు. జెకర్యా గారు నోరు పడిపోయి ఉన్నారు, వయసు మళ్ళినవారు. ఇంటి పని ఎవరు చేసి ఉంటారో మనం ఊహించుకోవచ్చు. యూదయా కొండల్లో కూడా గాదెలు ఉంటాయి, ఎలుకలూ ఉంటాయి. ఆ రోజు ప్రసంగంలో ఈ మాటే అన్నాను. ముందు వరుసలో పెద్దలు కొందరు నవ్వారు. ఆ అమ్మాయి అత్తగారు నవ్వలేదు.

పండుగకు రెండు రోజుల ముందు వాళ్ళ ఇంటికి దీవెనకు వెళ్ళాను. అల్లుడు నిచ్చెన మీద ఉన్నాడు, ముక్కుకు తువ్వాలు కట్టుకొని. అత్తగారు కింద బ్లీచింగ్ బకెట్ పట్టుకొని నిలబడి, "ఆ మూల వదిలేశావురా" అంటున్నారు. ధాన్యం బస్తాలు నేలమీదనుంచి చెక్కబల్లలమీదికి ఎక్కాయి. ఇత్తడి గుండిగలు ఇక ఎక్కడ పెట్టాలని మామగారు నాతో ఫిర్యాదు చేశారు. కోడలు వీధి అరుగుమీద కూర్చొని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది. నిద్ర పడుతున్నదా అని అడిగాను. "కొంచెం పడుతుందండి" అన్నది. అరుగు పక్క గోడకు వేలాడుతున్న క్యాలెండరులో అటక ఊడ్చిన రోజునుంచి ఒక్కొక్క తారీకూ పెన్సిలుతో కొట్టేసుకుంటూ వస్తున్నది. ఇంకా పదకొండు రోజులు మిగిలి ఉన్నాయి.